భాష మార్చే బటన్ ఎక్కడికి పోయింది?

రెండు భాషల్లో వెబ్‌సైట్ నడిపేవాళ్లలో ఎవరిని కదిలించినా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ప్లగిన్ వేశాం, తెలుగు చేర్చాం, సెట్టింగ్స్ సేవ్ చేశాం, అయినా సైటులో భాష మార్చుకునే బటన్ రాలేదు. ఇంకొకరిది కొంచెం వేరే కథ: నిన్నటిదాకా ఉన్న బటన్ అప్‌డేట్ తర్వాత పోయింది. మూడో వ్యక్తికి, ప్లగిన్ తయారీదారు వీడియోలో చక్కగా కనిపించే ట్యాబ్ తన డ్యాష్‌బోర్డులో లేనే లేదు. మూడింటికీ మామూలుగా వచ్చే సలహా మాత్రం ఒక్కటే. ప్లగిన్లన్నీ ఆఫ్ చేసి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ చూడమంటారు. సలహా తప్పని కాదు గానీ, చివర్లో చేయాల్సిన పనిని మొదటే చేయమంటోంది. నా అంచనాలో ప్లగిన్లు ఒకదానితో ఒకటి కొట్టుకుని సౌకర్యం మాయమవడం తక్కువ. ఆ సౌకర్యం మనం దించుకున్న ప్యాకేజీలో అసలు లేకపోవడం, ఉన్నా ఎక్కడో దాగి ఉండటం, బయటికి రావడానికి దానికి కావలసిన షరతు తీరకపోవడం చాలా ఎక్కువ. ఈ వ్యాసం వర్డ్‌ప్రెస్ అనువాద ప్లగిన్ల గురించి. మొత్తం వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి కాబట్టి, తెలుగు సైట్లకూ ఈ చిక్కు ఎక్కువగా ఎదురయ్యేది అక్కడే.

ముందు ఒక మౌలిక విషయం. 2003 మేలో మొదటి విడుదల వచ్చిన వర్డ్‌ప్రెస్‌కు, ఒకే వ్యాసం రెండు భాషల్లో ఉంటుందన్న ఊహే ఇప్పటికీ లేదు. దానికి తెలిసింది తన ముఖాన్ని వేరే భాషలో చూపించడం ఒక్కటే. బటన్ల మీద మాటలు, డ్యాష్‌బోర్డ్ మెనూలు, ఎర్రర్ సందేశాలు అనువాదమవుతాయి. 2014 సెప్టెంబరులో వచ్చిన 4.0తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే భాష ఎంచుకునే వీలు కలిగింది. 2016 డిసెంబరు నాటి 4.7తో ఒక్కో యూజర్ తన డ్యాష్‌బోర్డును తన భాషలో పెట్టుకోగలిగాడు. మనం రాసే పోస్టుల సంగతి మాత్రం ప్లగిన్లకు వదిలేశారు. గూటెన్‌బర్గ్ పేరుతో సాగుతున్న పునర్నిర్మాణానికి నాలుగు దశలు ప్రకటించారు. అందులో బహుభాషా సౌకర్యానిది నాలుగోదీ ఆఖరుదీ. మొదటి దశ అయిన బ్లాక్ ఎడిటర్ 2018 డిసెంబరులో 5.0తో వచ్చింది. రెండో దశ ఫలమైన సైట్ ఎడిటర్ 2022 జనవరిలో 5.9తో వచ్చింది. నాలుగోది రావాలి.

పునాది లేనిచోట ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకున్నారు. క్యూట్రాన్స్‌లేట్ అన్ని భాషల పాఠాన్నీ ఒకే పోస్టులో, మధ్యలో గుర్తులు పెట్టి కుక్కింది. పాలిలాంగ్, డబ్ల్యూపీఎంఎల్ ఒక్కో భాషకు ఒక్కో పోస్టు పెట్టి వాటిని జత కలుపుతాయి. ఆ జత లెక్కను పాలిలాంగ్ వర్డ్‌ప్రెస్‌కు ముందే ఉన్న వర్గీకరణ పట్టికల్లో దాచుకుంటుంది, డబ్ల్యూపీఎంఎల్ సొంత పట్టికలు తయారు చేసుకుంటుంది. ట్రాన్స్‌లేట్‌ప్రెస్ పోస్టుల జోలికే పోదు. తయారైన పేజీలోని మాటలను పట్టుకుని, వాటి బదులు అనువాదాలు పెడుతుంది. వెగ్లాట్ ఇంకో అడుగు ముందుకేసి అనువాదాలను తన సర్వర్లలోనే ఉంచుకుంటుంది. ఏ సౌకర్యం ఎక్కడ మాయమవుతుందో, దాన్ని ఎక్కడ వెతకాలో తేల్చేది ఈ తేడాయే. పాలిలాంగ్‌లో ఒక పోస్టుకు భాష కేటాయించకపోతే అది జాబితాలోంచి జారిపోతుంది. ట్రాన్స్‌లేట్‌ప్రెస్‌లో ఆ సమస్యే పుట్టదు, దాని సమస్యలు వేరు.

పాత కథే అయినా క్యూట్రాన్స్‌లేట్ కథ చెప్పుకోవాలి. ఒకప్పుడు ఉచితంగా బహుభాషా సైటు కావాలంటే చాలామంది వెళ్లింది దాని దగ్గరికే. పోస్టు రాసే చోట ఒక్కో భాషకు ఒక్కో ట్యాబ్ ఉండేది. వర్డ్‌ప్రెస్ కొత్త వెర్షన్ రాగానే ఆ ట్యాబ్‌లు కనిపించేవి కావు. కారణం విచిత్రం. ఈ వెర్షన్‌తో తనను పరీక్షించలేదు కాబట్టి, పాఠం చెడిపోకుండా ఆ ప్లగిన్ తన ఎడిటర్‌ను తానే ఆపేసుకునేది. ఆ సంగతి ఒక నోటీసులో చెప్పేది కూడా. నోటీసులు చదివే అలవాటు మనకెక్కడిది? 2014 ఏప్రిల్‌లో వర్డ్‌ప్రెస్ 3.9 తన రాత పెట్టెలోని టైనీఎంసీఈని నాలుగో వెర్షన్‌కు మార్చాక అసలు ప్లగిన్ వెనకబడిపోయింది. ఇతరులు దాన్ని క్యూట్రాన్స్‌లేట్ ఎక్స్‌గా, తర్వాత ఎక్స్‌టీగా బతికించారు. విసిగిపోయి ప్లగిన్ తీసేసినవాళ్లకు అసలు దెబ్బ అప్పుడు తగిలింది. గుర్తుల అర్థం తెలిసిన ప్లగిన్ పోవడంతో ఇంగ్లీషు, తెలుగు పాఠాలు ఒకే పేజీలో కలగాపులగంగా బయటపడ్డాయి.

అన్నీ ఆఫ్ చేసి చూడమన్న సలహాను మొదట్లో పెట్టకూడదనేది ఇందుకే. ఇప్పటి ప్లగిన్లలోనూ దెబ్బ ఉంది, రూపం మారిందంతే. నడుస్తున్న సైటులో పాలిలాంగ్ ఆపితే హోమ్ పేజీలో రెండు భాషల పోస్టులూ ఒకే వరసలో వచ్చేస్తాయి. ట్రాన్స్‌లేట్‌ప్రెస్ ఆపితే మూల భాష భద్రంగా ఉంటుంది గానీ తెలుగు చిరునామాలన్నీ పేజీ దొరకలేదంటాయి. ఆ కాసేపట్లో గూగుల్ బాట్ వచ్చి చూసి పోతే ఆ గందరగోళమే దాని లెక్కలోకి ఎక్కే ప్రమాదం ఉంది. బటన్ కనిపించలేదని మొదలైన వైద్యం రోగం కంటే పెద్దదవుతుంది.

ఏదీ ఆపకుండా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: లేనిది ఎవరికి? బ్రౌజర్లో ప్రైవేట్ విండో తెరిచి, లాగిన్ కాకుండా సైటు చూడాలి. మనకు కనిపించి బయటివాళ్లకు కనిపించకపోతే ఒక దారి, అందరికీ కనిపించకపోతే ఇంకో దారి. డబ్ల్యూపీఎంఎల్‌లో ఒక భాషను దాచి ఉంచే సెట్టింగ్ ఉంది. అనువాదం పూర్తయ్యేదాకా అడ్మిన్‌కు మాత్రమే కనిపించాలని దాన్ని పెట్టారు. పని అయ్యాక ఆ టిక్ తీయడం మరిచిపోతే, యజమాని తన కంప్యూటర్లో తెలుగు చూసుకుని మురుస్తుంటాడు, పాఠకులకు మాత్రం ఏమీ ఉండదు. దీనికి తిరగేసిన కేసు డ్యాష్‌బోర్డులో ఎదురవుతుంది. అడ్మిన్‌కు కనిపించే అనువాద మెనూ ఎడిటర్ హోదాలో ఉన్న సహోద్యోగికి కనిపించదు. అది చెడిపోవడం కాదు, అనుమతి లేకపోవడం.

డ్యాష్‌బోర్డులోనే ఇంకో చిన్న మాయ ఉంది. క్లాసిక్ థీముల మెనూల పేజీకి వెళితే, ఎడమవైపు భాషల పెట్టె ఉండాలని పాలిలాంగ్ సూచనలు చెబుతాయి. అక్కడ ఉండదు. పేజీ పైన కుడి మూలలో స్క్రీన్ ఆప్షన్స్ అనే చిన్న ట్యాబ్ నొక్కితే, టిక్ లేని పెట్టెల వరసలో అది దొరుకుతుంది. బ్లాక్ ఎడిటర్లో ఇదే పని మూడు చుక్కల మెనూ కింది ప్రిఫరెన్సెస్ చేస్తుంది. ఎవరో ఎప్పుడో తెర ఖాళీగా ఉండాలని ప్యానెళ్లు ఆపేసి ఉంటారు. ఈ ఎంపికలు ఒక్కో యూజర్‌కు విడిగా నమోదవుతాయి కాబట్టి, పక్క సీటులో ఉన్నది మన సీటులో లేకపోవడంలో వింతేమీ లేదు.

ఇక నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువమందిని బోల్తా కొట్టించే కారణం. పాలిలాంగ్ భాషల బటన్‌కు, పోస్టులేవీ లేని భాషను దాచే గుణం పుట్టుకతోనే ఉంది. తెలుగు చేర్చారు, బటన్ మెనూలో పెట్టారు, కానీ తెలుగులో ఒక్క పోస్టు గానీ పేజీ గానీ పబ్లిష్ కాలేదు. అప్పుడు తెలుగు కనిపించదు. ఉన్న రెండు భాషల్లో ఒకటి పోతే, మిగిలిన ఒక్కదానితో బటన్ ఉన్నా లేనట్టే. డ్రాఫ్టులో ఎన్ని అనువాదాలున్నా లెక్కలోకి రావు. ఇది తర్కంతో చేసిన పనే. ఖాళీ గదికి తలుపు చూపించడం ఎందుకని వాళ్ల ఉద్దేశం. కానీ కొత్తగా సైటు కట్టేవాళ్లు చేసే క్రమం సరిగ్గా తిరగేసి ఉంటుంది. ముందు బటన్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని, ఆ తర్వాత అనువాదం మొదలుపెడదామనుకుంటారు. సైటు ముందు తయారు చేసి వ్యాసాలు తర్వాత తెప్పించుకునే మన చిన్న పత్రికలు, విదేశాల్లోని తెలుగు సంఘాల సైట్లు ఈ గోతిలో తేలిగ్గా పడతాయి. తెలుగులో ఒక్క పేజీ పబ్లిష్ చేస్తే చాలు, బటన్ వచ్చేస్తుంది. ప్లగిన్ తయారీదారులు ఇక్కడ ఒక్క వాక్యం నోటీసు పెట్టి ఉంటే ఎంతోమంది శ్రమ తప్పేది. సెట్టింగ్స్ పేజీలో కొనుక్కోమని చెప్పే ప్రకటనకు చోటు దొరికింది గానీ దీనికి దొరకలేదు.

దీనికి తమ్ముడి లాంటిది మెనూ మాయం. పాలిలాంగ్ వేశాక థీములోని ఒక్కో మెనూ స్థానం భాషల సంఖ్యను బట్టి చీలుతుంది. ప్రధాన మెనూకు ఇంగ్లీషు స్థానం ఒకటి, తెలుగు స్థానం ఒకటి. తెలుగు స్థానానికి మెనూ కేటాయించకపోతే తెలుగు పేజీల్లో మొత్తం మెనూయే ఉండదు, దానితో పాటు అందులో ఉన్న భాషల బటనూ ఉండదు. తెలుగులోకి వెళ్లిన పాఠకుడికి వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది.

థీమ్ మారితే నేలే మారుతుంది

2022 తర్వాత వచ్చిన ఫిర్యాదుల్లో పెద్ద భాగాన్ని బ్లాక్ థీమ్ అన్న ఒక్క మాటతో వివరించవచ్చు. ట్వంటీ ట్వంటీ-టూ మొదలు వర్డ్‌ప్రెస్‌తో వచ్చే థీములన్నీ ఈ కోవవే. వీటిలో అపియరెన్స్ కింద మెనూలు, విడ్జెట్లు అనే పేజీలు ఉండవు. వాటి స్థానంలో సైట్ ఎడిటర్, నావిగేషన్ బ్లాక్ వచ్చాయి. అనువాద ప్లగిన్ల పాత వీడియోలు, పాత సూచనలు అన్నీ ఆ మెనూల పేజీతోనే మొదలవుతాయి. అవి చూసి వెతికేవాడికి బటన్ కాదు, బటన్ పెట్టాల్సిన పేజీయే దొరకదు. పాలిలాంగ్ విషయంలో సైట్ ఎడిటర్‌కు పనికొచ్చే భాషల బ్లాకులు చాలాకాలం డబ్బు కట్టే ప్రో వెర్షన్‌కే పరిమితమై ఉండేవి. అంటే ఉచిత ప్లగిన్, పాత థీముతో చక్కగా నడుస్తున్న సైటు, థీమ్ మార్చిన రోజున ఒక సౌకర్యాన్ని పోగొట్టుకుంది. ప్లగిన్లో ఒక్క అక్షరం మారలేదు. తప్పెవరిదని అడిగితే నేను వర్డ్‌ప్రెస్ వైపే ఎక్కువగా వేలు చూపిస్తాను. బహుభాషా దశను ఆఖరున పెట్టుకుని, ఆ లోపు మెనూల వ్యవస్థను కూల్చి కొత్తది కట్టడం వల్ల, దాని మీద ఆధారపడ్డ ప్రతి అనువాద ప్లగినూ రెండు రకాల బటన్లు మోయాల్సి వచ్చింది.

ఎలిమెంటర్ లాంటి పేజీ బిల్డర్లదీ ఇదే తరహా సమస్య. పేజీ పైభాగాన్ని థీమ్ కాకుండా బిల్డర్ గీస్తున్నప్పుడు, థీమ్ మెనూలో పెట్టిన బటన్ ఎక్కడా తేలదు. వీటి మీద ఇంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు. హెడర్ ఎవరు గీస్తున్నారో కనుక్కుంటే సగం పని అయిపోతుంది.

కొన్నదే కదా, ఎందుకు లేదు?

ఉచిత వెర్షన్లో తాళం వేసిన సౌకర్యాలు ఉంటాయనీ, డబ్బు కడితే తాళం తీస్తారనీ మనం అనుకుంటాం. వర్డ్‌ప్రెస్ అధికారిక భాండాగారంలో అది నిషిద్ధం. అక్కడి నియమావళిలో ఐదోది, డబ్బు కడితేనే తెరుచుకునే కోడ్‌ను ప్లగిన్లో పెట్టకూడదంటుంది. కాబట్టి ఉచిత ప్యాకేజీలో ఆ సౌకర్యం దాగి ఉండదు, అసలు ఉండదు. ఎంత వెతికినా, ఎన్ని ప్లగిన్లు ఆపినా రాదు. పాలిలాంగ్ ఉచిత వెర్షన్లో రెండు భాషల పేజీలకు ఒకే చిరునామా ముక్క ఇవ్వలేం. ఇంగ్లీషు పేజీకి అబౌట్ అని పెట్టాక తెలుగు పేజీకీ అదే పెట్టబోతే వర్డ్‌ప్రెస్ దాని చివర 2 అంకె తగిలిస్తుంది. ట్రాన్స్‌లేట్‌ప్రెస్ ఉచిత వెర్షన్ మూల భాష కాక ఒక్క భాషనే ఇస్తుంది. ఇంగ్లీషు సైటుకు తెలుగుతో పాటు హిందీ కూడా కావాలనుకున్న హైదరాబాదు వ్యాపారికి రెండో భాష చేర్చే వీలు కనిపించదు. వెగ్లాట్ ఉచిత పథకం ఒక భాష, 2,000 పదాల దగ్గర ఆగిపోతుంది. ఒక మోస్తరు వ్యాసాలు రెండు మూడు వేస్తే అది నిండిపోతుంది.

డబ్బు కట్టాక కూడా రాకపోవడం ఇంకో మెట్టు. ఇక్కడ ప్రతి ప్లగినూ తన పద్ధతి తనది. పాలిలాంగ్ ప్రో సొంతంగా నిలబడే ప్యాకేజీ, ఉచితదాని స్థానంలో కూర్చుంటుంది. ట్రాన్స్‌లేట్‌ప్రెస్‌లో ఉచితదీ కొన్నదీ రెండూ నడవాలి, ఆపైన యాడాన్ల పేజీకి వెళ్లి కావలసిన యాడాన్‌ను విడిగా ఆన్ చేయాలి. కొన్నవాడు ఉచితదాన్ని తీసేస్తే మొత్తం పోతుంది. డబ్ల్యూపీఎంఎల్ అధికారిక భాండాగారంలోనే లేదు, దాని సొంత సైటు నుంచి తెచ్చుకోవాలి. అందులో ప్రధాన ప్లగిన్ వేరు, స్ట్రింగ్ ట్రాన్స్‌లేషన్ వేరు. సైటు పేరు, విడ్జెట్ శీర్షికలు, థీమ్ రాతలు అనువదించే పేజీ రెండోదానితోనే వస్తుంది. అన్నిటికంటే చవకైన బ్లాగ్ లైసెన్సులో ఆ రెండోది లేదు. ధర చూసి అది కొన్నవాళ్లు మెనూలో స్ట్రింగ్స్ పేజీ కోసం తెగ వెతుకుతారు. ఏ ప్లగిన్ కొనాలన్నా ముందు చూడాల్సింది సౌకర్యాల పట్టిక. అది చదవడానికి కావాలనే కష్టంగా పెడతారేమో అనిపించేంత పొడుగ్గా ఉంటుంది.

సౌకర్యం ఉండి, లైసెన్సు ఉండి కూడా ఒక రకం పోస్టులకు మాత్రం పనిచేయకపోవడం కూడా తరచూ చూస్తాం. మామూలు పోస్టుల పక్కన జెండాలు, ప్లస్ గుర్తులు ఉంటాయి. ఈవెంట్లు, ఉత్పత్తులు, పుస్తకాలు లాంటి ప్రత్యేక రకాల పక్కన ఉండవు. పాలిలాంగ్ సెట్టింగ్స్‌లో ప్రత్యేక పోస్టు రకాల దగ్గర టిక్ పెట్టాలి. డబ్ల్యూపీఎంఎల్‌లో ఆ రకాన్ని అనువదించదగినదిగా ప్రకటించాలి. థీమ్, ప్లగిన్ రచయితలు డబ్ల్యూపీఎంఎల్ కోసం తమ కోడ్‌తో పాటు ఒక చిన్న కాన్ఫిగ్ ఫైలు ఇస్తుంటారు. ఏయే ఫీల్డులు అనువదించాలో అది చెబుతుంది. ముచ్చటైన విషయమేమిటంటే పోటీదారైన పాలిలాంగ్ కూడా అదే ఫైలును చదువుతుంది. ఈ రంగంలో ఉమ్మడి ప్రమాణానికి కాస్త దగ్గరగా వచ్చినది అదొక్కటే. వూకామర్స్ దుకాణమైతే మాత్రం టిక్‌తో పని అయిపోదు, పాలిలాంగ్‌కు దాని కోసం వేరే యాడాన్ కొనాలి.

పేజీ తెలుగులో వచ్చి, బటన్ల మీద మాటలు ఇంగ్లీషులో మిగిలిపోవడం ఇంకో జాతి సమస్య. ఆ మాటలు గెట్‌టెక్స్ట్ అనే పాత పద్ధతిలో అనువాద ఫైళ్ల నుంచి వస్తాయి. ఈ ఫైళ్లను స్వచ్ఛంద అనువాదకులు వర్డ్‌ప్రెస్ అనువాద సైటులో తయారు చేస్తారు. ఒక ప్లగిన్లోని మాటల్లో 90 శాతం అనువాదమై ఆమోదం పొందితేనే భాషా ప్యాక్ మొదటిసారి తయారవుతుంది. 80 శాతం దాకా పూర్తి చేసి ఆగిన తెలుగు అనువాదం ఎవరి సైటుకూ చేరదు. లోకో ట్రాన్స్‌లేట్ అనే ప్లగిన్‌తో సొంతంగా చేసుకున్నవాళ్లు ఆ ఫైలును ప్లగిన్ సొంత ఫోల్డర్లో దాస్తే, తర్వాతి అప్‌డేట్ దాన్ని తుడిచేస్తుంది. లోకో తన కోసం ఏర్పరచుకున్న కస్టమ్ ఫోల్డర్లో దాస్తే మిగులుతుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 6.5 నుంచి వేగం కోసం పీహెచ్‌పీ రూపంలోని అనువాద ఫైలుకు ప్రాధాన్యం ఇస్తున్నారు. పాత పద్ధతి ఫైలును చేత్తో మార్చి, పక్కనే ఉన్న పీహెచ్‌పీ ఫైలును వదిలేస్తే మన దిద్దుబాటు కనిపించదు, పాత మాటే వస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో ఉన్న మాటల దారి ఇంకా వంకర. వాటి అనువాదాలు వేరే జేసన్ ఫైళ్లలో ఉంటాయి. ఏ స్క్రిప్టుకు ఏ ఫైలు అన్నది ఆ స్క్రిప్టు దారి నుంచి లెక్కకట్టిన ఎండీ5 గుర్తుతో తెలుస్తుంది. వేగం పెంచుతానని ఒక ఆప్టిమైజేషన్ ప్లగిన్ స్క్రిప్టులన్నీ కలిపి ఒక్కటిగా చేస్తే ఈ లంకె తెగే వీలుంది. 2023 నవంబరు నుంచి కొత్త వూకామర్స్ దుకాణాలకు కార్ట్, చెకౌట్ పేజీలు బ్లాకులతోనే వస్తున్నాయి. ఆ బ్లాకులు నడిచేది జావాస్క్రిప్ట్ మీదే. దుకాణమంతా తెలుగులో ఉండి, డబ్బు కట్టే పేజీ ఒక్కటే ఇంగ్లీషులో నిలబడితే అనుమానించాల్సింది ఇక్కడ.

క్యాష్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దాన్ని అందరూ ముందే తిడతారు. ఖాళీ చేసి చూడటం తేలిక, హాని లేదు. కానీ ఒక్క సౌకర్యం దాని వల్లే నిజంగా చస్తుంది: పాఠకుడి బ్రౌజర్ భాష చూసి తెలుగు హోమ్ పేజీకి పంపడం. దాచిపెట్టిన పేజీని పీహెచ్‌పీ లేవకముందే పంపేస్తే భాష చూసేవాడెవడు? అయితే మన దగ్గర ఆ సౌకర్యం పనిచేయనట్టు కనిపించడానికి ఇంకో కారణం ఉంది. తెలుగు చదివేవాళ్లలో చాలామంది ఫోన్‌ను ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు. బ్రౌజర్ తనకు తెలుగు కావాలని ఎవరికీ చెప్పదు. ప్లగిన్ తన పని సరిగ్గానే చేసి, ఇంగ్లీషు పేజీ చూపిస్తుంది.

తెలుగుకే ప్రత్యేకమైనవి

ప్లగిన్ల సూచనలు యూరప్ భాషలను మనసులో పెట్టుకుని రాసినవి. వాటిలో దొరకని కొన్ని కారణాలు మనకున్నాయి. మొదటిది జెండాలు. భాషకు దేశం జెండా పెట్టే అలవాటు ఫ్రెంచి, జర్మన్ దగ్గర నడిచిపోతుంది. తెలుగు, హిందీ, తమిళం చేర్చిన సైటులో పేర్లు తీసేసి జెండాలు మాత్రమే ఉంచితే మూడు మువ్వన్నెలు వరసగా నిలబడతాయి. బటన్ ఉంది, ఏది ఏమిటో ఎవరికీ తెలియదు. ఇమోజీ జెండాలు వాడే ప్లగిన్ అయితే విండోస్‌లో చాలా బ్రౌజర్లలో ఆ జెండా కూడా రాదు, రెండు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. భాష పేరును ఆ భాష లిపిలోనే పెట్టడం మేలు.

అలా లిపిలో పెట్టినప్పుడు రెండో చిక్కు. ఇంగ్లీషు కోసం గీసిన బటన్‌కు ఎత్తు తక్కువగా ఇచ్చి, దాటిన భాగాన్ని కోసేయమని థీమ్ రాసి ఉంటుంది. తెలుగు వత్తులు కిందికి, గుడులు పైకి సాగుతాయి. అక్షరాల తలలు, కాళ్లు తెగిపోతాయి. థీమ్ ఫాంటులో తెలుగు లేకపోతే బ్రౌజర్ తన ఇష్టం వచ్చిన ఫాంటు తెస్తుంది, దాని ఎత్తు మళ్లీ వేరు. నోటో సాన్స్ తెలుగు లాంటిది పెట్టి, వరుస ఎత్తు పెంచితే సర్దుకుంటుంది.

మూడోది చిరునామాల పొడవు. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు. చిరునామాలో శాతం గుర్తులతో రాసేసరికి ఒక్కోటి తొమ్మిది అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ చిరునామా ముక్కకు ఇచ్చే చోటు 200. అంటే 22 గుర్తులకు మించదు, అందులో గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడిగానే లెక్క. ‘స్వాతంత్ర్య దినోత్సవ వేడుకలు’ అని శీర్షిక పెడితే చిరునామా ‘వేడ’ దగ్గర తెగిపోతుంది. అందుకే తెలుగు పేజీకి కూడా పొట్టి ఇంగ్లీషు ముక్కే పెట్టాలనిపిస్తుంది. సరిగ్గా అక్కడ, రెండు భాషలకు ఒకే ముక్క ఇచ్చే సౌకర్యం ఉచిత వెర్షన్లో లేదన్న గోడ ఎదురవుతుంది. ఫ్రెంచి సైటుకు ఇది చిన్న లోటు, తెలుగు సైటుకు పెద్దది.

నాలుగోది యంత్రానువాదం. ప్లగిన్లో తెలుగు ఉన్నంత మాత్రాన దాని వెనకున్న అనువాద యంత్రానికి తెలుగు రావాలని లేదు. 2017 ఆగస్టులో డీప్‌ఎల్ మొదలైనప్పుడు దాని భాషలు ఏడు, అన్నీ యూరప్‌వే. దాని పేరు విని ఎంచుకున్నవాళ్లకు తెలుగు దగ్గర ఆటోమేటిక్ అనువాదం మౌనంగా ఆగిపోయేది. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011 జూన్‌లో బెంగాలీ, గుజరాతీ, కన్నడ, తమిళంతో పాటు వచ్చింది. న్యూరల్ పద్ధతి 2017 ఏప్రిల్‌లో అందింది. గూగుల్ ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్ విడ్జెట్ సంగతి వేరు. 2019లో కొత్తవాళ్లకు ఇవ్వడం ఆపేశారు, ముందే పెట్టుకున్న సైట్లలో నడుస్తూ వచ్చింది. 2020 మేలో కోవిడ్ పనిలో ఉన్న ప్రభుత్వ, విద్యా, లాభాపేక్ష లేని సైట్లకు మళ్లీ తెరిచారు. పాత సైట్లలో కనిపించే ఆ పెట్టె కొత్త సైటుకు ఎందుకు దొరకడం లేదో అర్థంకాక తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో ప్రారంభించిన భాషిణి అనువాద వేదిక మన భాషలకు ఇంకో దారి తెరిచింది. ఏ విడ్జెట్ అయినా బ్రౌజర్లో అప్పటికప్పుడు మాటలు మార్చేస్తే, తెలుగు పేజీకి సొంత చిరునామా ఉండదు, వెతుకులాటలో దొరకదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల అధికారిక సైట్లలో తెలుగు పేజీలకు భాషా సంకేతంతో విడి చిరునామా ఉంటుంది. నాకు నచ్చే పద్ధతి అదే.

ఇవన్నీ చూశాక కూడా దొరకకపోతే అప్పుడు ప్లగిన్లు ఆపే పరీక్ష. దానికీ సురక్షితమైన దారి ఉంది. హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్ అనే అధికారిక ప్లగిన్, మన లాగిన్ వరకే మిగతా ప్లగిన్లను ఆపి, థీమ్ మార్చి చూపిస్తుంది. పాఠకులకు సైటు మామూలుగానే ఉంటుంది. హోస్టింగ్‌లో స్టేజింగ్ కాపీ ఉంటే ఇంకా మంచిది. డీబగ్ లాగ్ తెరిచినవాళ్లకు ఒక హెచ్చరిక. 2024 నవంబరులో వచ్చిన 6.7 నుంచి, అనువాదాలను మరీ తొందరగా లోడ్ చేసే ప్రతి ప్లగిన్ మీదా ఒక నోటీసు పడుతుంది. లాగ్ నిండా అదే కనిపిస్తుంది, భాష అన్న మాట ఉంటుంది కాబట్టి నేరస్తుడు దొరికాడనిపిస్తుంది. చాలాసార్లు దానికీ కనిపించని బటన్‌కూ సంబంధం ఉండదు.

ప్లగిన్ మార్చేయడం ఆఖరి దారి. దానికి ముందు ఆ ప్లగిన్ నుంచి బయటికి వచ్చే తోవ ఉందో లేదో చూసుకోవాలి. డబ్ల్యూపీఎంఎల్ నుంచి పాలిలాంగ్‌కు మారడానికి పాలిలాంగ్ రచయితే రాసిన ఉచిత ప్లగిన్ ఉంది. రెండూ భాషకో పోస్టు పెట్టేవే కాబట్టి జత లెక్క మార్చితే సరిపోతుంది. వెగ్లాట్ నుంచి పాలిలాంగ్‌కు రావడం అలా కాదు. అక్కడ తెలుగు పోస్టులే లేవు, వాక్యాల జంటలు వేరేవాళ్ల సర్వర్లో ఉన్నాయి. వాటిని దించుకుని ఒక్కో పేజీనీ మళ్లీ పోస్టుగా కట్టాలి. వర్డ్‌ప్రెస్ నాలుగో దశ వచ్చిన రోజున పాత సైట్లన్నీ తేల్చుకోవాల్సిన లెక్క కూడా ఇదే.